సంవాహకుడు

పాఠ్యభాగ ఉద్దేశం: దేహమర్దనాన్ని జీవికగా స్వీకరించి, పరాయి దేశంలో రాజాస్థానం వరకు ఎదిగిన ఒక భారతీయుని జీవితాన్ని పరిచయం చేయడం, చేతితో చేసే చికిత్సకు గల శక్తినీ, దాని హద్దులనూ విద్యార్థుల చేత ఆలోచింపజేయడం.

సంస్కృత నాటకాలలో నాయకుడు రాజు, నాయిక రాజకుమారి కావడం పరిపాటి. శూద్రకుని 'మృచ్ఛకటికం' ఈ పరిపాటిని దాటిన నాటకం. అందులో దొంగలున్నారు, జూదరులున్నారు, బండి తోలేవారున్నారు. ఒక సంవాహకుడు కూడా ఉన్నాడు. సంవాహనమంటే ఒళ్ళు పట్టడం. ఆ పని చేసేవాడు సంవాహకుడు. ఈ పాత్రకు కవి వేరే పేరు పెట్టలేదు, వృత్తినామమే అతని పేరు. జూదంలో పది సువర్ణాలు ఓడి, అప్పులవాళ్ళు తరుముతుండగా అతడు వసంతసేన ఇంట తలదాచుకుంటాడు. తాను పాటలీపుత్రంలో పుట్టినవాడననీ, మంచి గృహస్థు కుమారుడననీ, మొదట కళగా నేర్చుకున్న విద్య తరువాత పొట్టకూటి పని అయిందనీ ఆమెకు చెప్పుకుంటాడు. ఆమె అతని రుణం తీరుస్తుంది. విరక్తుడైన సంవాహకుడు బౌద్ధభిక్షువు అవుతాడు. శకారుడు గొంతు నులిమి చచ్చిందనుకొని వదిలిపోయిన వసంతసేనకు తిరిగి ప్రాణం పోసేది ఆ భిక్షువే.

కళకూ కూటికీ మధ్య ఉన్న ఈ సందేహం మన సమాజంలో చాలా పాతది. వాత్స్యాయనుడు చెప్పిన అరవైనాలుగు కళలలో శరీరమర్దనం, కేశమర్దనం కూడా ఉన్నాయి. ఆయుర్వేదం అభ్యంగనాన్ని దినచర్యలో భాగం చేసింది. తలకు, చెవులకు, పాదాలకు ప్రత్యేకించి నూనె పట్టించాలని వాగ్భటుడు 'అష్టాంగహృదయం'లో చెప్పాడు. అజీర్ణంతో బాధపడేవారికీ, కఫం ప్రకోపించినవారికీ అభ్యంగనం కూడదని హెచ్చరించింది కూడా ఆ గ్రంథమే. మన తెలుగిళ్ళలో పసిబిడ్డకు నూనె రాసి, నలుగు పెట్టి, కాళ్ళమీద బోర్లా పడుకోబెట్టుకొని నీళ్ళు పోసే పెద్దముత్తయిదువలు ఏ గ్రంథమూ చదవనక్కరలేకుండానే ఈ విద్యలో ఆరితేరినవారు. బాలింతకు ఒళ్ళు పట్టే మంత్రసానిని మాత్రం పని ఉన్నన్నాళ్ళు ఆదరించి, పని తీరాక వాకిట నిలబెట్టిన ఊళ్ళు ఎన్నో! శాస్త్రంలో విద్యగా గౌరవం పొందినది, వీధిలో సేవగా తక్కువ చూపు చూడబడింది. ఇప్పుడు మనం చదువబోయే మనిషి ఈ రెండింటి నడుమా నడిచినవాడు. విచిత్రమేమంటే, శూద్రకుని సంవాహకుని వలె ఆయన కూడా పాటలీపుత్రం వాడే. ఆయన నాటికి ఆ నగరం పేరు పాట్నా.

ఆయన పేరు షేక్ దీన్ మహమ్మద్. 1759లో జన్మించాడు. తండ్రి ఈస్టిండియా కంపెనీ బెంగాల్ సైన్యంలో ఉద్యోగి. బాలుడు పదేళ్ళవాడై ఉన్నప్పుడు తండ్రి ఒక పోరాటంలో మరణించాడు. తెల్లదొరల గుడారాలవైపు ఆశగా చూసే ఆ పిల్లవాణ్ణి గాడ్‌ఫ్రే ఈవాన్ బేకర్ అనే ఐరిష్ యువ అధికారి చేరదీశాడు. అప్పటి నుంచి సుమారు పదమూడేళ్ళు దీన్ మహమ్మద్ సైన్యం వెంటే తిరిగాడు. మొదట సేవకులతో పాటు నడిచినవాడు, క్రమంగా జమేదారు, సుబేదారు స్థాయికి ఎదిగాడు. 1782లో సైన్యాన్ని విడిచి, బేకర్ వెంట ఓడ ఎక్కి 1784లో ఐర్లండులోని కార్క్ నగరం చేరాడు.

అక్కడ ఆంగ్లం నేర్చాడు. 1786లో జేన్ డాలీ అనే యువతిని, ఆమె పెద్దల సమ్మతి కోసం ఆగకుండా, వివాహమాడాడు. 1794లో తన ప్రయాణాలను లేఖల రూపంలో రాసి, చందాదారుల సాయంతో రెండు సంపుటాలుగా అచ్చు వేయించాడు. ఒక భారతీయుడు ఆంగ్లంలో రచించి ప్రచురించిన మొదటి గ్రంథం ఇదే. భారతీయాంగ్ల సాహిత్యం చదివే విద్యార్థులు కూడా పందొమ్మిదో శతాబ్ది నుంచే దాని చరిత్రను మొదలుపెట్టడం నేను చాలాకాలం గమనించాను. మైకేల్ ఫిషర్ అనే చరిత్రకారుడు 1996లో ఈయన జీవితచరిత్రను ప్రకటించిన తరువాత పండితుల దృష్టి ఇటు మరింతగా మళ్ళింది.

సుమారు 1807 ప్రాంతంలో ఆయన కుటుంబంతో లండను చేరాడు. అక్కడ బాసిల్ కాక్రేన్ అనే ధనికుని వద్ద పని దొరికింది. ఈ కాక్రేన్ మద్రాసులో కంపెనీ ఉద్యోగం చేస్తూ, నౌకాదళానికి ఆహార సరఫరా గుత్తలు పట్టి అపారంగా గడించినవాడు. స్వదేశానికి తిరిగి వెళ్ళి, పోర్ట్‌మన్ స్క్వేరులోని తన భవనంలో ఆవిరిస్నానశాలను ఏర్పాటు చేశాడు. ఆవిరితో పాటు ఒళ్ళు పట్టే పద్ధతిని దీన్ మహమ్మద్ అక్కడే ఆచరణలో పెట్టాడని చరిత్రకారులు భావిస్తారు. 1810లో ఆయన జార్జి వీధిలో 'హిందూస్తానీ కాఫీ హౌస్' అనే భోజనశాలను తెరిచాడు. వెదురు ఆసనాలు, హుక్కాలు, మసాలా వంటలు అక్కడి ఆకర్షణలు. భారతీయుడు ఇంగ్లండులో నడిపిన మొదటి భోజనశాల అది. ప్రశంసలు దక్కాయి గాని పెట్టుబడి దక్కలేదు. రెండేళ్ళలోనే, అంటే 1812లో, ఆయన దివాలా తీశాడు. ఇంటి పనివానిగా ఉద్యోగం కావాలని పత్రికలో ప్రకటన ఇచ్చుకోవలసిన స్థితి వచ్చింది. అప్పటికి ఆయన వయస్సు యాభై దాటింది, పోషించవలసిన భార్యాబిడ్డలున్నారు.

మనలో చాలామంది యాభై దాటగానే చేసిన పనికి లెక్కలు చూసుకుంటారు. దీన్ మహమ్మద్ అసలు వృత్తి అప్పుడు మొదలయింది.

బ్రైటన్ ఇంగ్లండు దక్షిణ తీరంలోని పట్టణం. సముద్రస్నానం వ్యాధులను పోగొడుతుందని రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు పద్దెనిమిదో శతాబ్ది మధ్యలో ప్రచారం చేసిన నాటినుంచి ధనికులు అక్కడికి బారులు తీరారు. యువరాజు అక్కడే విలాసభవనం కట్టించుకున్నాడు. 1815 నుంచి దానిని బయటికి హిందూస్తానపు కోటవలె కనబడేటట్లు గుమ్మటాలతో మలిచారు. భారతదేశమంటే వింత మోజు ఉన్న ఆ ఊరికి 1814లో దీన్ మహమ్మద్ వచ్చాడు. మొదట మరొక స్నానశాలలో పనిచేశాడు. 1821లో సముద్రానికి ఎదురుగా 'మహమ్మద్ స్నానశాల' వెలసింది.

చికిత్సావిధానం ఇలా ఉండేది. రోగిని ఫ్లానెల్ గుడ్డతో కట్టిన చిన్న గుడారంలో కూర్చోబెట్టేవారు. మూలికలు కలిపి మరిగించిన నీటి ఆవిరిని ఆ గుడారంలోకి పంపేవారు. ఒళ్ళంతా చెమట పట్టి, బిగిసిన కండరాలు సడలిన తరువాత మర్దన మొదలయ్యేది. గుడారపు గోడలకు చొక్కా చేతుల వంటి గుడ్డగొట్టాలు కుట్టి ఉండేవి. మర్దకుడు వెలుపల నిలబడి ఆ గొట్టాలలోకి చేతులు దూర్చి లోపలి రోగి శరీరాన్ని అదిమేవాడు. అందువల్ల ఆవిరి బయటికి పోదు, రోగి మర్యాదకూ భంగం రాదు. పాశ్చాత్యుల బిడియాన్నీ, భారతీయ స్వేదన మర్దనాలనూ ఒక గుడ్డముక్కతో కలిపిన ఈ ఉపాయం నాకు ఆయన రచనలన్నిటికంటె గొప్పదిగా తోస్తుంది. స్త్రీలకు వేరే గదులు. ఆ విభాగాన్ని జేన్ స్వయంగా చూసుకునేది. ఆమె కూడా మర్దనవిద్యలో నిపుణురాలే గాని, చరిత్ర ఆమెను భర్త పేరు వెనుక నిలబెట్టింది.

ఈ చికిత్సకు ఆయన వాడిన పేరు 'షాంపూయింగ్'. అదిమిపట్టు అనే అర్థంలో హిందీలో వాడే 'చాంపో' అన్న మాట ఆంగ్లేయుల నోట షాంపూ అయింది. ఆయనకు ముందే, 1762 నాటికే, ఆ మాట ఆంగ్లంలోకి చేరింది. అయితే జనం నోళ్ళలో దానిని నానజేసినవాడు ఆయనే. తల రుద్దుకొని కడుక్కోవడమనే అర్థం పందొమ్మిదో శతాబ్ది ద్వితీయార్ధంలో వచ్చింది. ఆ తరువాత అది సీసాలోని ద్రవానికి పేరై, మళ్ళీ మన దేశానికి ఓడెక్కి వచ్చింది. ఈనాడు తలంటుకు కుంకుడుకాయ మాని, రూపాయి పొట్లం చింపే ప్రతి తెలుగు విద్యార్థీ తెలియకుండా ఈ మాట చరిత్రను చేతబట్టుకుంటున్నాడు. భాషాశాస్త్రంలో దీనిని అర్థసంకోచానికీ, అర్థవిపరిణామానికీ మంచి ఉదాహరణగా చెప్పవచ్చు.

జనం వెంటనే నమ్మలేదు. కొత్త పద్ధతి తెచ్చినవానికి తప్పని పరిహాసాన్నీ, నిందనూ తానూ అనుభవించానని ఆయన రాసుకున్నాడు. వైద్యులు పెదవి విరిచారు. నొప్పి తగ్గినవారు మాత్రం నోరు మూసుకోలేదు. కృతజ్ఞతాలేఖలు వచ్చాయి, పద్యాలు కూడా వచ్చాయి. కర్రల సాయంతో వచ్చి, నడవగలిగి వెళ్ళినవారు వదిలిన ఊతకర్రలను స్నానశాలలో అందరికీ కనబడేటట్లు ఉంచేవారు. ఈనాటి ఏ ప్రకటనకర్తకూ తీసిపోని నేర్పు అది! 1820లో తాను నయం చేసిన రోగుల వివరాలను, 1822లో ఆవిరిస్నాన మర్దనాలపై గ్రంథాన్ని ప్రకటించాడు. నాలుగో జార్జికీ, అతని తరువాత నాలుగో విలియమ్‌కూ 'షాంపూయింగ్ సర్జన్'గా నియమితుడయ్యాడు. సైన్యం వెంట నడిచిన పాట్నా బాలుడు బ్రిటిష్ రాజుల వీపు మీద చేయి వేయగలిగిన స్థాయికి చేరాడు.

ఇక్కడ విద్యార్థులు కొంచెం ఆగి ఆలోచించవలసిన విషయం ఒకటి ఉంది. 1794 నాటి గ్రంథంలో ఆయన తనను గురించి చెప్పినదానికీ, మర్దనగ్రంథం తరువాతి ముద్రణలలో చెప్పినదానికీ పొందిక లేదు. తాను 1749లో పుట్టానన్నాడు. అంటే వయస్సును పదేళ్ళు పెంచాడు. కలకత్తాలో వైద్యవిద్య నేర్చి, సైన్యంలో శస్త్రవైద్యునిగా పనిచేశానన్నాడు. మొదటి పుస్తకంలో ఆ ఊసే లేదు. సైన్యంలో ఉన్నన్నాళ్ళూ సిపాయి పనే తప్ప వైద్యం చేసినట్లు ఆధారం లేదు.

ఎందుకిలా రాశాడు? బ్రిటన్‌లో గౌరవం వైద్యునికుంది, ఒళ్ళు పట్టేవానికి లేదు. తన దేశంలోనూ అది సేవకుల పనిగానే చెలామణి అవుతున్నది. నేర్పు చేతిలో ఉంది గాని, చేతిపనికి పట్టం కట్టే లోకం లేదు. కనుక చేతికి ఒక పట్టా తగిలించుకున్నాడు. ఈ కారణం నాకు అర్థమవుతుంది. అయినా దీనిని సమర్థించలేను. వాతనొప్పులతో వచ్చినవారికి ఆయన ఆవిరి, అదుముడు నిజంగానే ఉపశమనం ఇచ్చి ఉండవచ్చు. అయితే ఆయన పుస్తకంలో ఉబ్బసం, పక్షవాతం వంటివి కూడా నయమైన జాబితాలో కనిపిస్తాయి. తన దగ్గరకు వచ్చినవాడు శస్త్రవైద్యుడని నమ్మి పక్షవాతపు రోగి అసలు వైద్యం మానుకుంటే, ఆ నష్టం ఎవరిది? తన పనిని పని పేరుతోనే పిలుచుకునే ధైర్యం లోకం ఆయనకు ఇవ్వలేదు, ఆయనా తీసుకోలేదు. ఊతకర్రలు వేలాడదీసిన గోడ మీద, నయం కాక వెనుదిరిగిన వారి గుర్తులేవీ లేవన్న సంగతి కూడా మరువరాదు.

ఇంతకూ మర్దన ఏమి చేస్తుంది? ఏమి చేయదు? నేటి పరిశోధనలు కొంత స్పష్టత ఇచ్చాయి. ఒళ్ళు పట్టినప్పుడు కండరాల బిగువు సడలుతుంది, ఆందోళన తగ్గుతుంది, నిద్ర పట్టడం సులువవుతుంది. నడుమునొప్పి, మెడనొప్పి కొంతకాలం పాటు ఉపశమించవచ్చు. అయితే ఈ లాభం చాలామందిలో తాత్కాలికమే. నెలలు నిండకుండా పుట్టిన శిశువులను రోజూ మృదువుగా నిమిరినప్పుడు, నిమరని శిశువులకంటె రోజుకు 47 శాతం ఎక్కువగా బరువు పెరిగారని 1986లో టిఫనీ ఫీల్డ్, ఆమె సహచరులు ప్రకటించారు. ఆ అధ్యయనంలోని శిశువుల సంఖ్య చిన్నదే అయినా, వైద్యలోకాన్ని అది స్పర్శవైపు తిప్పింది. మరోవైపు, కాలి లోతు సిరలో రక్తం గడ్డకట్టినవారికి ఆ కాలిని గట్టిగా పిసికితే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. విరిగిన ఎముక, జ్వరం, చీము పట్టిన వాపు ఉన్నచోట మర్దన పనికిరాదు. మంచి మర్దకునికి ఎక్కడ అదమాలో తెలియడం ఎంత ముఖ్యమో, ఎక్కడ చేయి తీసి వైద్యుని దగ్గరకు పంపాలో తెలియడం అంత ముఖ్యం. వాగ్భటుడు అభ్యంగనంతో పాటే నిషేధాలనూ చెప్పడంలోని వివేకం ఇదే.

ఐరోపాలో ఈ విద్య మరొక దారిలో శాస్త్రరూపం పొందింది. స్వీడన్‌లో పెర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోమ్‌లో వ్యాయామవిద్యాసంస్థను స్థాపించి, అంగచాలనాలను క్రమబద్ధం చేశాడు. హాలండు వైద్యుడు మెజ్గర్ నిమరడం, పిసకడం, తట్టడం, రుద్దడం అనే చేష్టలను వర్గీకరించాడు. లండనులో 1894లో కొందరు స్త్రీలు కలసి శిక్షణ పొందిన మర్దకురాండ్ర సంఘాన్ని ఏర్పరచుకున్నారు. మర్దన పేరిట చాటున నడిచే వ్యాపారాల వల్ల తమ వృత్తికి వచ్చిన అపకీర్తిని తొలగించుకోవడానికి వారు పరీక్షలు పెట్టారు, నియమాలు రాసుకున్నారు. నేటి ఫిజియోథెరపీ వృత్తికి ఆ సంఘం ఒక మూలం. దీన్ మహమ్మద్ ఒంటరిగా, లేని పట్టా చూపి సాధించిన గౌరవాన్ని, వారు అందరూ కలసి, ఉన్న శిక్షణ చూపి సాధించారు. నా దృష్టిలో ఈ రెండో దారి కష్టమైనది, మేలైనది.

ఆయన చివరి రోజులు అంత సంపన్నంగా సాగలేదు. విక్టోరియా రాణి బ్రైటన్‌ను ఇష్టపడలేదు. రాజకుటుంబం వెంట మోజూ తరలిపోయింది. పోటీ స్నానశాలలు పుట్టాయి. 1840లలో ఆ పెద్ద భవనం ఆయన చేయి జారింది. ముసలితనంలో భార్యాభర్తలిద్దరూ చిన్న ఇంటిలో తమ పనిని కొనసాగించారు. జేన్ మరణించిన కొద్దికాలానికే, 1851 ఫిబ్రవరి 24న ఆయనా కన్నుమూశాడు. మనుమడు ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్ లండనులోని గైస్ ఆస్పత్రిలో నిజమైన వైద్యుడయ్యాడు. నాడీస్పందనను గీతగా గీసే యంత్రాన్ని మెరుగుపరచి, మూత్రపిండాల వ్యాధి లేనివారిలో కూడా అధిక రక్తపోటు ఉండవచ్చునని చూపినవారిలో అతడు ముఖ్యుడు. టైఫాయిడు సోకి 1884లో, నిండా ముప్పయ్యయిదేళ్ళ ప్రాయంలో మరణించాడు.

2005లో లండను జార్జి వీధిలో, ఒకప్పటి కాఫీ హౌస్ గుర్తుగా ఒక ఫలకాన్ని అమర్చారు. బ్రైటన్‌లో స్నానశాల ఉన్నచోట ఇప్పుడు ఒక హోటల్ ఉంది. సెయింట్ నికోలస్ చర్చి ఆవరణలో ఆయనను ఖననం చేశారు. సమాధిరాతి మీద, పాట్నా వాడైన ఆయన 101 ఏళ్ళు జీవించినట్లు చెక్కించారు.

ప్రశ్నలు

1. మృచ్ఛకటికంలోని సంవాహకునికీ, దీన్ మహమ్మద్‌కూ గల పోలికలను, భేదాలను వివరించండి.
2. బ్రైటన్ స్నానశాలలో మర్దన జరిపే విధానాన్ని సొంతమాటలలో వర్ణించండి.
3. దీన్ మహమ్మద్ తన జీవితవివరాలను మార్చి రాయడాన్ని గురించి రచయిత అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? కారణాలు రాయండి.
4. 'షాంపూ' అనే పదం అర్థం మారిన తీరును తెలిపి, ఇటువంటి మరి రెండు పదాలను తెలుగు నుంచి చూపండి.
5. మీ ఊరిలో ఒళ్ళు పట్టడం, నలుగు పెట్టడం, బెణుకులు సవరించడం తెలిసిన పెద్దలను కలిసి, వారు ఎవరి దగ్గర ఆ పని నేర్చుకున్నారో, ఏ సందర్భంలో చేయి వేయరో అడిగి తెలుసుకొని ఒక పుటలో రాయండి.